మేకు సాక్ష్యం

అధికారిక రికార్డుల ప్రకారం కుర్మయ్య ఈ భూమండలం మీద రేడియేషన్ అతి తక్కువగా సోకిన కార్మికుల్లో ఒకడు. దూరపు రాష్ట్రంలోని ఒక అణువిద్యుత్ కేంద్రంలో, రియాక్టరును మరమ్మతు కోసం ఆపిన ప్రతిసారీ దాని పేగుల్లోకి దూరి, గొట్టాలు తుడిచి, నేల మీద ఒలికిన నీళ్ళను గుడ్డలతో ఎత్తిపోసి, అలా పద్నాలుగేళ్ళు గడిపిన మనిషి. అయినా ఆ పద్నాలుగేళ్ళలో ఆయన పేర నమోదైన మోతాదు, శంషాబాదులో విమానమెక్కి నాలుగుసార్లు లండన్ పోయివచ్చే వ్యాపారికి ఆకాశం ఉచితంగా ప్రసాదించేదాని కంటే తక్కువ. శాస్త్రం ఇంతటి అదృష్టవంతుణ్ణి అరుదుగా చూసి ఉంటుంది.

శాస్త్రం దృష్టికి రాని చిన్న విషయం ఒకటుంది. ఆ అదృష్టవంతుడి ఎముకల్లోని మూలుగ రెండేళ్ళ కిందట రక్తం తయారుచేయడం మానుకుంది. మూడు వారాలకొకసారి నగరంలోని సర్కారు దవాఖానలో ఎవరో అపరిచితుడి రక్తం ఎక్కించుకుంటే తప్ప, కొత్తూరు దగ్గరి తన ఇంటి గడప కూడా ఆయన దిగలేడు. అక్కడి డాక్టరు నిజాయితీపరుడు. రేడియేషన్ వల్ల కావచ్చు, చేలో కొట్టిన పురుగుమందుల వల్ల కావచ్చు, ఏ కారణమూ లేకుండానూ కావచ్చు అన్నాడు. ప్లాంటులో తగిలిన మోతాదు ఎంతో ఎవరైనా చెబితే తానూ ఒక మాట చెప్పగలనన్నాడు.

ఇలాంటి రోగం పనివల్లే వచ్చిందని తేల్చే మండలి ఒకటి ఉంది. దాని ధ్రువపత్రం చేతికొస్తే, ప్లాంటు వారి సొంత ఆసుపత్రిలో జీవితాంతం వైద్యం. అవసరమైతే మూలుగ మార్పిడి కూడా. కుర్మయ్యకు బతుకు మీద మిగిలిన ఆశంతా ఆ ఒక్క కాగితమే. మొదటి దరఖాస్తుకు జవాబు వచ్చింది: తమ మోతాదు రికార్డు నిష్కళంకం, కనుక తమ రోగానికి మాకు సంబంధం లేదు. రెండోసారి ఆయన మేకు సంగతి కూడా రాయించి ప్రమాణపత్రం జతచేశాడు. రోగి స్వలాభం కోసం ఆలస్యంగా అల్లిన కథ అని అదీ తిరిగివచ్చింది.

మేకు సంగతి ఇది.

మూడు బోర్లు వేసి మూడింటా దుమ్మే చూసిన ఏడు, కుర్మయ్య మేస్త్రి రవీందర్ వెంట రైలెక్కాడు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మొత్తం పన్నెండు మంది. ప్లాంటులో అడుగుపెట్టే ప్రతి మనిషి ఛాతీకీ అగ్గిపెట్టె అంత బిళ్ళ తగిలించేవారు. మనిషికి ఎంత రేడియేషన్ తగిలిందో ఆ బిళ్ళ గుర్తుపెట్టుకుంటుంది. నెలకొకసారి దాన్ని యంత్రంలో చదివి చూసేవారు. పరిమితి దగ్గరపడితే ఆ మనిషికి బిళ్ళ నిండినట్టు. ఆ ఏడాదికి ఇక లోపలి పని లేదు, రైలెక్కి ఊరికి పోవడమే. కార్మికుడి ప్రాణం కాపాడడానికి మహామేధావులు కనిపెట్టిన ఏర్పాటు అది. కార్మికుడి కళ్ళకు మాత్రం వేరుగా కనబడింది. కిరణాలు ఎవరికీ కనిపించలేదు, ఎవరినీ తరమలేదు. కూలి లేకుండా తరిమేసింది బిళ్ళ.

అప్పుడు రవీందర్ తన రాజనీతిని ప్రదర్శించాడు. బట్టలు మార్చుకునే గది వెనక వరండాలో, మంచినీళ్ళ డ్రమ్ము పైన, గోడకు వరుసగా మేకులు కొట్టించాడు. మనుషులు లోపలికి, బిళ్ళలు గోడకు. సాయంత్రం బయటికి వచ్చి, ఎవరి బిళ్ళ వారు తగిలించుకుని గేటు దాటేవారు. కుర్మయ్య మేకు ఎడమ నుంచి మూడోది. పోనుపోను ఆ పని చెప్పులు విడిచినంత సహజమైపోయింది. గోడ మీది పసుపుపచ్చ రేడియేషన్ గుర్తు కంటబడగానే చెయ్యి తనంతట తాను ఛాతీ మీదికి పోయేది. ఇంతకూ ఆ పద్నాలుగేళ్ళ రికార్డులో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. అది ఒక మేకు ఆరోగ్య చరిత్ర. ఆ మేకు నిక్షేపంలా ఉంది.

పన్నెండు మందికి మేకులు పదకొండే చాలాయి. పహాడీ షరీఫ్ నుంచి వచ్చిన అజీజ్ బిళ్ళ తియ్యనన్నాడు. మూడో నెలలో నిండింది, ఇంటికి పంపేశారు. పదకొండు సున్నాల పక్కన ఒక్క పెద్ద అంకె కనబడినప్పుడు అధికారులకు అనుమానం రాకపోలేదు. అజీజ్ బిళ్ళ చెడిపోయిందేమోనని దాన్ని మూడుసార్లు పరీక్షించారు. అజీజ్ తిరిగివచ్చి ఆటో కొనుక్కున్నాడు. అప్పటి నుంచి ఆరోగ్యంగా, బీదగా బతుకుతున్నాడు.

ఈ పరిస్థితిలో, ఈ ఏటి ఎండలు ముదిరే వేళకు, కుర్మయ్య ఇంటి ముందు తెల్లకారు ఒకటి ఆగింది. అందులోంచి దిగినవాడు రవీందరే. వెనకటి మేస్త్రి ఇప్పుడు సహస్రభాను శక్తి సంస్థకు సామాజిక సమన్వయ సలహాదారు. వేయి కిరణాల పేరు పెట్టుకున్న ఆ సంస్థ, అందులో ఒక్క కిరణమూ మనిషి మీద పడదని ఇప్పటికే కరపత్రాల్లో హామీ ఇచ్చి ఉంది. రావిర్యాల వైపు లేవబోతున్న డేటా సెంటర్లకు రాత్రీ పగలూ కరెంటు కావాలట. అందుకోసం కొత్తూరు దాటాక ఒక చిన్న రియాక్టరు కడతారట. తొమ్మిది వందల పేజీల నివేదిక ఇంగ్లీషులో ఉంది. పన్నెండు పేజీల సారాంశం తెలుగులో ఉంది. వాడిన ఇంధనాన్ని తాత్కాలికంగా అక్కడే భద్రపరుస్తామని సారాంశంలో ఉంది. తాత్కాలికమంటే అరవై ఏళ్ళని అడుగున చీమ అక్షరాల్లో ఉంది. నిర్మాణ వ్యయం అని ఉన్న చోట మూడో అంచనా ప్రకారం అని మాత్రమే ఉంది. ప్రమాదం జరిగితే కట్టవలసిన పరిహారానికి చట్టం ఒక గరిష్ఠ పరిమితి పెట్టిందని కూడా సగర్వంగా రాశారు. ప్రమాదానికి పరిమితి పెట్టడం చట్టసభల చేతుల్లో లేదు గనుక ఆ విషయం ప్రస్తావించలేదు.

ఇందులో సత్యం లేదని కుర్మయ్య ఎన్నడూ అనుకోలేదు. బొగ్గు పొగ ఉండదు, ఎండాకాలం కరెంటు కోతలకు కొత్తూరు ఫ్యాక్టరీల్లో షిఫ్టు ఆగిపోవడం ఉండదు, ఆ మాటలన్నీ నిజమే కావచ్చు. ఆయన ఆ యంత్రాన్ని ద్వేషించలేదు. ఒకనాడు లోతైన నీళ్ళ తొట్టి అడుగున, కాలిన ఇంధనం చుట్టూ కమ్ముకున్న నీలి వెలుగును చూశాడు. అంత అందమైనది తన జన్మలో మరొకటి చూడలేదని ఇప్పటికీ చెబుతాడు.

రవీందర్ తెచ్చిన ప్రతిపాదన సులువైనది. విమానాశ్రయం దగ్గరి పెద్ద హోటల్లో అదనపు కలెక్టరు అధ్యక్షతన ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. అక్కడ కుర్మయ్య లేచి తన అనుభవం చెప్పాలి. ప్రతిఫలంగా కంపెనీ వారి ఆరోగ్య కార్డు.

"అబద్ధం చెప్పుమని నేనంటలేను కుర్మన్నా. పద్నాలుగేండ్లు చేసిన, ఇగో నిలబడ్డ అను. మిగిలింది రికార్డే మాట్లాడుతది."

చాయ్ గ్లాసులు పట్టుకొచ్చిన కుర్మయ్య భార్య అమృతమ్మ గడపలోనే ఆగిపోయింది.

"రోగం లేదని చెప్పినోనికి, రోగానికి కార్డిస్తరా? ఇదేం ఇచ్చుడు మేస్త్రి?"

"అక్కా, కార్డుంటే దవాఖానల లైన్ల నిలబడే పరేషాన్ ఉండదు గదా."

"మేకులు కొట్టిన నాడు గూడ గిట్లనే అన్నవట. పరేషాన్ ఉండదని."

రవీందర్ చాయ్ మీది మీగడను చాలాసేపు ఊదాడు. తరువాత, మళ్ళీ రక్తం ఎప్పుడెక్కిస్తారని మెల్లగా అడిగాడు. తేదీ తెలుసుకుని, దానికి మూడో రోజు కుర్మయ్య వంతు వచ్చేలా చూస్తానన్నాడు. రక్తం ఎక్కిన మూడో రోజు ఆయన ముఖం ఎలా కళకళలాడుతుందో ఊరందరికీ తెలుసు.

నాలుగు రోజుల తరువాత, సభలో ఏం మాట్లాడాలో సిద్ధం చేయించడానికి కంపెనీ రేడియేషన్ భద్రతాధికారిని పంపింది. ఆమె పేరు మాధవీలత. కోస్తాలో ఒక బొగ్గు విద్యుత్ కేంద్రం నీడలో పుట్టి పెరిగింది. ఆ ఊళ్ళో తెల్లబట్ట దండెం మీద ఆరేలోగా బూడిద రంగుకు తిరిగేది. ఆమె తల్లి పదేళ్ళు దగ్గి దగ్గి పోయింది. అణుశక్తిని ఆమె జీతం కోసం నమ్మలేదు. అంకెలు చదవడం ఆమెకు బాగా వచ్చు. ఆ కంపెనీలో అదొక దురదృష్టం.

ముద్రించి తెచ్చిన కుర్మయ్య రికార్డును ఆమె మంచం మీద పరిచి, నెలనెలా వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. ఆ వేలు మెల్లమెల్లగా ఆగిపోయింది.

"ఏమీ అనుకోకండి కుర్మయ్య గారూ. లోపల పనిచేసిన మనిషికి ఎంతో కొంత ఉండి తీరాలండీ. ఇది చూస్తే బ్యాడ్జీని గోడకు వేలాడదీసినట్టుంది."

అమృతమ్మ నవ్వడం మొదలుపెట్టింది. రెండేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ అంతసేపు నవ్వలేదు. నవ్వి నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, "గోడకే బిడ్డా. ఎడమకెల్లి మూడోది," అంది.

మాధవీలత అంతా విన్నది. కుర్మయ్య దాచలేదు, తగిలించింది తన చెయ్యేనని రెండుసార్లు చెప్పాడు. ఆమె కాగితాలు మడిచి పక్కన పెట్టింది. తరువాత చెప్పింది: దారి ఒకటి ఉంది. ఒకే గదిలో, ఒకే రోజుల్లో, పక్కపక్కన పనిచేసిన తోటివాడి బిళ్ళ నిజం చెప్పి ఉంటే, దాన్ని బట్టి రెండోవాడికి ఎంత తగిలిందో లెక్కగట్టవచ్చు. శాస్త్రం దీన్ని ఒప్పుకుంటుంది. అజీజ్ మూడు నెలల రికార్డు అందుకు చాలు. అయితే ముందు కుర్మయ్య రికార్డు తప్పని తేలాలి. రోగి ఒక్కడూ చెబితే మండలి నమ్మలేదు. ప్రజాభిప్రాయ సేకరణ చట్టం ప్రకారం జరిగే సభ. అక్కడ అదనపు కలెక్టరు ముందు, మేస్త్రి ఎదుట, ఆయన మేకు సంగతి చెప్పి, మేస్త్రి కాదనకుండా ఉంటే, ఆ మాట సభా నివేదికలోకి ఎక్కితే, మండలికి దాన్ని పక్కన పెట్టే వీలుండదు.

అలా చెప్పిస్తే నీ నౌకరి ఉంటదా బిడ్డా అని అమృతమ్మ అడిగింది. ఉండకపోవచ్చునని ఆమె ఒప్పుకుంది.

"నాకు రియాక్టరు మీద నమ్మకం ఉందమ్మా," అంది లేస్తూ. "దాని చుట్టూ మనుషులు కొట్టే మేకుల మీదే లేదు."

మరునాడు కుర్మయ్య పహాడీ షరీఫ్ పోయాడు. అజీజ్ తన మోతాదు కాగితాన్ని లామినేషన్ చేయించి, గోడకు దర్గా పటం పక్కనే పెట్టుకుని ఉన్నాడు. ప్రభుత్వం తరఫున ఆయనకు దక్కిన ఒకే ఒక్క యోగ్యతాపత్రం అది. సంగతంతా విని, ఆ కాగితాన్ని దించి, దుమ్ము తుడిచి చేతికిచ్చాడు.

"తీసుకపో భాయ్. కాయితం నాది తీసుకో. రోగం మాత్రం నీ తాననే ఉంచుకో."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆనాడు నీ నిజాయితీ, నీ ఈమాన్‌దారి చూసి మేమందరం నిన్ను పిచ్చోడన్నాం అని కుర్మయ్య అన్నాడు. అజీజ్ తల అడ్డంగా ఊపాడు.

"ఈమాన్‌దారి ఏంది భాయ్. భయపడ్డ. అంతే."

సభ రోజు రానే వచ్చింది. రాజసూయానికి కూడా ఇన్ని ఏర్పాట్లు జరిగి ఉండవు. హోటలు వరండాలో, హాలు తలుపు దగ్గర నిలువెత్తు నమూనా రియాక్టరు, దాని కడుపులో నీలి బల్బు, దాని మీద మూడు రెక్కల పసుపుపచ్చ గుర్తు. విమానాశ్రయ భద్రత పేరు చెప్పి ఫోన్లన్నీ గేటు దగ్గరే తీసుకున్నారు. ఒక్కొక్కరి మెడలో పట్టుదారంతో కూడిన బ్యాడ్జి వేశారు. ఆ బ్యాడ్జి కంపెనీవారి సాంకేతిక వైభవానికి పరాకాష్ఠ. ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎక్కడ ఉన్నారో దానికి తెలుసు. మైకు పక్కన ఒక పెట్టె ఉంది. వక్త తన బ్యాడ్జిని దానికి తాకిస్తే, ఆ పేరుతో మాటా చిత్రమూ రికార్డు కావడం మొదలవుతుంది. తాకిస్తేనే మొదలవుతుంది. ఒకరి అభిప్రాయం మరొకరి పేర చేరే ప్రమాదం ఇక లేదని వ్యాఖ్యాత ప్రకటించింది. ప్రమాదం లేని ఆ ఒక్క విషయానికి అందరూ చప్పట్లు కొట్టారు.

కుర్మయ్య ఒంట్లో కొత్త రక్తం మూడో రోజు. అమృతమ్మ ఇస్త్రీ చేయించిన తెల్లచొక్కా తొడుక్కున్నాడు. రాత్రంతా చెప్పవలసిన మాటలే నెమరు వేసుకున్నాడు, దారిలోనూ అవే. వరండా చివర హాలు తలుపు దగ్గరికి వచ్చేసరికి నమూనా రియాక్టరు మీది పసుపుపచ్చ గుర్తు కళ్ళబడింది. తలుపు పక్కన మంచినీళ్ళ యంత్రం పైన, గొడుగులూ టోపీలూ తగిలించుకోవడానికి ఇత్తడి కొక్కేలు వరుసగా ఉన్నాయి. ఆయన పెదవులు మొదటి వాక్యాన్ని వల్లిస్తూనే ఉన్నాయి. చెయ్యి మెడలోని పట్టుదారాన్ని తీసి, ఎడమ నుంచి మూడో కొక్కేనికి తగిలించింది. కుర్మయ్య లోపలికి పోయాడు.

ఉదయమంతా ఉపన్యాసాలు సాగాయి. అయిదారు నిమిషాలకొక విమానం నెత్తి మీదుగా పోతుండటంతో, అదనపు కలెక్టరు చెయ్యెత్తి సభను ఆపడం, రొద తగ్గాక మళ్ళీ దింపడం అలవాటు చేసుకున్నాడు. కొత్తూరు ఫ్యాక్టరీల ప్రతినిధి ప్రాజెక్టును కొనియాడాడు. ఏరూ కాలువా లేని ఈ గడ్డ మీద యంత్రాన్ని చల్లార్చే నీళ్ళు ఎక్కడి నుంచి తెస్తారని ఒక రైతు అడిగితే, దానికి జవాబు పద్నాలుగో స్లైడులో ఉందన్నారు. పద్నాలుగో స్లైడులో ఒక జలపాతం ఉంది.

మధ్యాహ్న భోజనాల తరువాత కుర్మయ్య పేరు పిలిచారు. మైకు దగ్గర నిలబడ్డ అమ్మాయి బ్యాడ్జి తాకించమంది. ఆయన ఛాతీ తడుముకున్నాడు.

"బయట ఉన్నది బిడ్డా."

అమ్మాయి వేదిక వైపు చూసింది. అప్పుడే ఒక విమానం దాటిపోయింది, ఇంకొకటి వచ్చేలోగా ఉన్న వ్యవధి విలువ అదనపు కలెక్టరుకు తెలుసు. కానివ్వమని చెయ్యి ఊపాడు.

"పద్నాలుగేండ్లు చేసిన," అన్నాడు కుర్మయ్య. లౌడ్‌స్పీకర్లు ఆ మాటను హాలంతా నింపాయి. "నాకేం తగల్లేదని నా కాయితంల రాసున్నది. అది నిజమే. లోపలికి పోయింది నేను, బిళ్ళ గోడకుండె. మేకు కొట్టిచ్చింది మేస్త్రి. మేకుకు బిళ్ళ తలిగేసింది నేను. కూలి పోతదని తలిగేసిన. ఇప్పుడు నా ఒంట్ల నా రక్తం లేదు. మీరు కట్టొద్దని నేనంటలేను సార్. కడితే, మనిషి లోపలికి పోయిన నాడు బిళ్ళ గూడ లోపలికి పోవాలె. అది నిండి ఇంటికి పంపితే, ఇంటికాడ గూడ వానికి కూలి పడాలె. లేకపోతే మళ్ళ మేకులే."

రెండో వరుసలో అజీజ్ లేచి, కుర్మయ్య పట్టుకోమని ఇచ్చిన తన లామినేషన్ కాగితాన్ని రెండు చేతులా తలపైకి ఎత్తి పట్టుకున్నాడు. అదనపు కలెక్టరు మొదటి వరుసలో ఉన్న రవీందర్‌ను నిలబెట్టి, ఇది నిజమేనా అని అడిగాడు. రవీందర్ కంపెనీ పెద్దల ముఖాలు చూశాడు. వాళ్ళు తెర మీది జలపాతం చూస్తున్నారు. ఎవరూ తన వైపు తిరగరని తెలిశాక ఆయనలో ఏదో తెగింది.

"అప్పుడు అందరు గట్లనే చేసేటోళ్ళు సార్. నేనొక్కన్నే కొట్టలే మేకులు."

రికార్డు చేసుకోండి అని అదనపు కలెక్టరు గట్టిగా అన్నాడు. సిబ్బంది తలలూపారు. ఆ పని చేయవలసిన పెట్టె మీద దీపం మాత్రం వెలగలేదు. దాన్ని అప్పుడెవరూ చూడలేదు. వెనక వరుసల్లో చప్పట్లు మొదలై ముందుకు వచ్చాయి. మాధవీలత గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. సాయంత్రం కుర్మయ్య బయటికి వచ్చి, మూడో కొక్కేన్నుంచి బ్యాడ్జి తీసి మెడలో వేసుకుని, బుద్ధిమంతుడైన కార్మికుడిలా గేటు దగ్గర అప్పగించాడు. ఇంటికి పోయాక ఆకలేస్తున్నదని అడిగి మరీ అన్నం పెట్టించుకున్నాడు.

నలభై రోజులకు సభా నివేదిక వెలువడింది. రెండు వందల పద్నాలుగు పేజీలు, బంగారు అంచు అట్ట. మరో రెండు వారాలకు దాన్ని మాధవీలతే తెచ్చింది. ఏ పేజీలో ఏముందో ముందే చదివి వచ్చింది గనుక కూర్చోమన్నా కూర్చోలేదు. అజీజ్ కూడా అక్కడే ఉన్నాడు. ఆమె నిలబడే చదివింది.

క్రమసంఖ్య పన్నెండు, రవీందర్: హాజరు, ప్రాజెక్టును స్వాగతించారు. క్రమసంఖ్య డెబ్బై నాలుగు, అజీజ్: హాజరు; అభిప్రాయం లేదు. క్రమసంఖ్య ఎనభై ఏడు, కుర్మయ్య: ఉదయం పది గంటల పన్నెండు నిమిషాల నుంచి సాయంత్రం నాలుగు నలభై వరకు వరండాలో ఉన్నారు; సభామందిరంలోకి ప్రవేశించలేదు; అభిప్రాయం లేదు. మధ్యాహ్నం రెండు ముప్పై ఒకటి నుంచి రెండు ముప్పై తొమ్మిది వరకు: విమానాల రొద కారణంగా విరామం. ముగింపు: ఆరోగ్యానికి సంబంధించి ఒక్క అభ్యంతరమూ నమోదు కాలేదు.

నివేదికను సరిచేయమని ఆమె అప్పటికే రెండుసార్లు రాసింది. హాజరు వ్యవస్థకు అంతర్జాతీయ ధ్రువీకరణ ఉందనీ, ఆ రోజు ఒక్క బ్యాడ్జీలోనూ లోపం కనబడలేదనీ జవాబు వచ్చింది. ఆ మాట నిజమే. బ్యాడ్జి ఎక్కడుందో వ్యవస్థ సరిగ్గానే చెప్పింది. అదనపు కలెక్టరుకు వేరే జిల్లాకు బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన రికార్డును దాటి పోలేనన్నాడు. రవీందర్ ఫోను తీయడం లేదు. సభ కాగానే పెట్టిన మూడో దరఖాస్తును మండలి అసాధారణ వేగంతో తోసిపుచ్చింది. సభలో అడుగే పెట్టని వ్యక్తి సభలో ప్రకటన చేశానని చెప్పుకోవడం దరఖాస్తుదారుని విశ్వసనీయతను దెబ్బతీస్తున్నదని రాసింది. మాధవీలతకు కంపెనీ పదోన్నతి ఇచ్చింది. ఇకనుంచి ఆమె చేతికి ఎవరి మోతాదులూ రావు. ప్రదర్శనశాలలో నమూనా రియాక్టరు పక్కన నిలబడి, బడిపిల్లలకు నీలి బల్బు వెలిగించి చూపాలి. బల్బు వెలుగు మాత్రం ఆయన తొట్టిలో చూసిన ఆ నీలి రంగులోనే ఉంటుందని ఆమె కుర్మయ్యతో అంది. తప్పు తనదే అన్నట్టు తలవంచుకుని వెళ్ళిపోయింది.

ఆమె పోయాక అమృతమ్మ అడిగింది.

"ఎందుకు తీసినవ్?"

"నేను తియ్యలే," అన్నాడు కుర్మయ్య. "చెయ్యి తీసింది."

ఆయన ఆ చేతినే చూసుకుంటూ కూర్చున్నాడు. అజీజ్ బంగారు అంచు పుస్తకాన్ని తిరగేసి, మళ్ళీ మూశాడు.

"పద్నాలుగేండ్లు బయటనే ఉన్నవ్. మొన్న గూడ బయటనే ఉన్నవ్. మరి లోపలికి పోయినోడు ఎవడు భాయ్?"

అది ఎగతాళికి అన్నాడో ఏడుపు ఆపుకోవడానికి అన్నాడో ఎవరికీ తెలియలేదు.

మరుసటి వారం రక్తం ఎక్కించే రోజు. దవాఖానలో ఈ నెల నుంచి కొత్త పద్ధతి వచ్చింది. నర్సు కుర్మయ్య మణికట్టుకు ప్లాస్టిక్ పట్టీ చుట్టి బిగించింది. పేరు, వయసు, రక్తం గ్రూపు, మంచం నంబరు అన్నీ దాని మీద అచ్చువేసి ఉన్నాయి. తలుపు మీద ఎక్స్‌రే గదికి దారి చూపే పసుపుపచ్చ గుర్తు ఉంది. ఆయన రెండో చెయ్యి మెల్లగా లేచి మణికట్టు దగ్గరికి పోయింది, పట్టీని లాగి చూసింది.

"అది ఊడదు పెద్దయ్యా," అంది నర్సు. "ఇంటికి పోయిన నాడు కత్తెరతోని కోస్తం."

ఆయన చెయ్యి పక్క మీద పెట్టేశాడు. సంచిలోంచి ఎవరిదో రక్తం బొట్టుబొట్టుగా దిగుతోంది. మంచం అంచున వేలాడే కాగితంలో నర్సు సమయం రాసి, ఎదుట కుర్మయ్య పేరు రాసి, లోపలికి చేర్చుకున్నట్టు సంతకం పెట్టింది.